దేశం మొత్తం మీద

ఏటా ఏప్రిల్ నెల సగానికి వచ్చేసరికి పత్రికల్లో ఒక వార్త పడుతుంది. "ఈ ఏడు వానలు సాధారణం" అనో, "సాధారణం కంటే మెరుగు" అనో. బంగారం ధర పక్కనే వేస్తారు కాబట్టి మన కంట పడకుండా పోదు. "హమ్మయ్య, అయితే కందిపప్పు మరీ చుక్కలనంటదు కాబోలు" అనుకుని పేజీ తిప్పేస్తాం. మా వారు మాత్రం ఆ వార్తని పైకి గట్టిగా చదువుతారు. ఆయన చదివే తీరు చూస్తే వరుణదేవుడు మా ఇంటికి వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడేమో అనిపిస్తుంది.

అప్పటికి ఉగాది వెళ్ళి ఎన్నాళ్ళో కాదు. గుళ్ళో పంచాంగ శ్రవణం విని, మేఘాధిపతి ఎవరో, ఈ ఏడు వాన ఎన్ని పాళ్ళో తెలుసుకుని వచ్చి ఉంటాం. అంటే నెల తిరక్కుండా రెండు జోస్యాలన్నమాట. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ రెండూ శ్రద్ధగా వినేవారు. విని, రెండింటికీ ఒకటే జవాబు చెప్పేవారు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుకే!" అని. అని ఊరుకునేవారా? మర్నాడే ఒక డబ్బాడు మినప్పప్పు అదనంగా తెప్పించి అటక మీద పెట్టించేవారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా జాగ్రత్త మానేవారు కాదు.

పంచాంగంలో నాకు నచ్చే ముక్క ఒకటుంది. వాన ఇన్ని పాళ్ళు అని చెప్పి వదిలెయ్యదు. అందులో ఇన్ని సముద్రం మీద, ఇన్ని కొండల మీద, మిగిలింది నేల మీద అని పంచి మరీ చెబుతుంది. ఆ లెక్క నిజమా కాదా అన్నది అలా ఉంచండి. "అంతా మీ పెరట్లోనే పడుతుందనుకోకండి సుమా" అని ముందే చెప్పినట్టుంటుంది కదా! వాతావరణశాఖవారూ ఆ మాట చెబుతారు, రంగులు వేసిన పటాలతో సహా చెబుతారు. కాని పత్రికకెక్కి మన దాకా వచ్చేసరికి ఆ పటం రాలిపోయి, "సాధారణం" అన్న ఒక్క మాటే మిగులుతుంది.

ఇంతకీ సాధారణం అంటే ఏమిటి? జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లో దేశమంతటా కురిసే వానకి సగటు కట్టారు. 1971 నుంచి 2020 దాకా ఏభై ఏళ్ళ లెక్క అది. 87 సెంటీమీటర్లు వచ్చింది. రెండేళ్ళ పిల్ల ఎత్తు అనుకోండి. అందులో నూటికి 96 నుంచి 104 పాళ్ళ దాకా పడితే సాధారణం. 90కి తగ్గితే లోటు, 110 దాటితే అధికం. లెక్క బాగానే ఉంది. కాని ఈ సగటు కట్టింది ఎవరెవరిని కలిపి? మేఘాలయలో మాసిన్‌రామ్ అనే ఊరుంది, అక్కడ ఏడాదికి పదకొండు మీటర్ల పైచిలుకు కురుస్తుంది. జైసల్మేరు ఇసుకలో ఏడాదికి ఒక జానెడు. మన అనంతపురంలో ఏడాది మొత్తం కలిపి 55 సెంటీమీటర్లు, అంటే మోకాలు దాటి కాస్త పైకి. వీళ్ళందరినీ ఒక వరసలో నిలబెట్టి కొలిస్తే వచ్చిన ఎత్తు అది.

సగటు సంగతి ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? ఇంట్లో అయిదుగురు, ఇరవై ఇడ్లీలు. తలా నాలుగు. ఆఖర్న కూర్చున్నావిడకి రెండే మిగిలాయనుకోండి. లెక్క తప్పా? తప్పు కాదు, ఇరవయ్యీ అయిదుగురే తిన్నారు. ఆవిడ ఆకలి తప్పా? అదీ కాదు. రెండూ నిజాలే. ఒకదానికొకటి అడ్డు రాకుండా పక్కపక్కన కూర్చుని ఉంటాయి.

ఈ వాన జోస్యం వెనక ఒక పెద్ద కరువు ఉంది. మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారే, అది. 1876లో మొదలై రెండేళ్ళ పాటు రాయలసీమతో సహా దక్షిణాదిని ఊడ్చేసింది. లక్షలమంది పోయారు. దానికి ముందటేడే, 1875లో, ఈ వాతావరణశాఖ పుట్టింది. బ్లాన్‌ఫోర్డ్ అనే దొర దానికి పెద్ద. హిమాలయాల మీద మంచు ఎక్కువ పేరుకుంటే ఆ ఏడు వానలు తగ్గుతున్నాయని ఆయన కనిపెట్టి, 1886లో మొట్టమొదటిసారి వానాకాలం మొత్తానికి ముందస్తు అంచనా ప్రకటించాడు. మంచు ఎక్కడ, మన జొన్నచేను ఎక్కడ! కాని నిజంగానే ముడి ఉంది.

తర్వాత వచ్చిన ఇలియట్ అనే ఆయనకి పాపం కలిసి రాలేదు. 1899లో వానలు బాగుంటాయన్నాడు. ఆ ఏడే రాజస్థానం, గుజరాతు వైపు మాడిపోయి, ఇప్పటికీ చెప్పుకునేంత కరువు వచ్చింది. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. దాంతో ఏం చేశారో తెలుసా? ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు అంచనాలు తయారు చేస్తూనే, బయటికి చెప్పకుండా దాచేశారు. ప్రభుత్వంలో పెద్దలకి మాత్రం చేరేవి. రైతుకి చేరవు. తప్పయితే తిడతారు, అందుకని చెప్పడమే మానేద్దాం అన్న పద్ధతి మన ఇళ్ళల్లోనూ ఉన్నదే. డాక్టరు చెప్పిన మాట పెద్దావిడకి చెప్పకుండా దాచడం ఎరగనివాళ్ళెవరు? అలా దాచినప్పుడు ఆవిడ భయం మనం తీసేశామో, ఆవిడ చేతిలోంచి నిర్ణయం లాగేసుకున్నామో నాకెప్పుడూ సందేహమే.

1904లో వాకర్ వచ్చాడు. గణితంలో దిట్ట. పసిఫిక్ మహాసముద్రం మీదా, హిందూ మహాసముద్రం మీదా గాలి ఒత్తిడి ఉయ్యాలబల్లలా ఒకవైపు లేస్తే ఒకవైపు దిగుతోందని పసిగట్టాడు. పెరూ జాలర్లు తమ సముద్రం వేడెక్కడాన్ని 'ఎల్‌నినో' అంటే బాలయేసు అని పిలుచుకునేవారు, క్రిస్‌మస్ రోజుల్లో వస్తుంది కాబట్టి. ఆ బాలుడు అక్కడ కాళ్ళాడిస్తే ఇక్కడ మన మేఘాలు బెదిరిపోతాయట. అలాగని ఏటా బెదరవు. 1997లో ఎల్‌నినో మహా జోరుగా వచ్చింది, మన వానలు మాత్రం హాయిగా పడ్డాయి. 2002లో సాధారణం అన్నారు, జూలైలో పడాల్సిన దాంట్లో సగం పడింది, సీజను మొత్తానికి 19 శాతం లోటు తేలింది. ఇవాళ పెద్ద పెద్ద యంత్రాలు లెక్కలు కడుతున్నాయి. అంచనాలు మెరుగుపడ్డాయి. అయినా అవి చెప్పేది "ఇంత పాలు అవకాశం" అనే. మాట ఇవ్వడం లేదు. విన్నవాళ్ళం మనమే దాన్ని మాట ఇచ్చినట్టు పుచ్చుకుంటాం.

సరే, ఇదంతా పుస్తకాల సంగతి. అసలు నాకు తిరకాసు పట్టింది 2023లో.

మా ఆడపడుచుది అనంతపురం వైపు పల్లె. మా వారికంటే పెద్దది. భర్త పోయాక అయిదెకరాలు తనే చూసుకుంటోంది. ఆ ఏడు శాఖవారు 96 శాతం అన్నారు. సాధారణంలోకి గడప దాటి ఒక్క అడుగు లోపల పెట్టిన సంఖ్య. జూన్ నెలాఖరున వదిన ఫోన్ చేసింది.

"ఏమ్మా, పేపర్లో వాన సంగతి ఏమన్నా రాసినారా?"

"దేశం మొత్తం మీద సాధారణంగానే పడుతుందని రాశారు వదినా. ఎల్‌నినో ఉంది, అయినా ఫరవాలేదన్నారు."

"దేశం మొత్తం మీద నాకు యాడుందమ్మా చేను? నాకుండేది అయిదెకరాలు. అదీ మెరక."

నేను నవ్వేశాను. ఆవిడా నవ్వింది. కాని ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు. వాతావరణ శాస్త్రం మీద ఇంతకంటే సూటిగా ఎవరూ విమర్శ రాసి ఉండరు.

జూలైలో నాలుగు జల్లులు పడి నేల పదునెక్కింది. అదను పోతే మళ్ళీ రాదు. ఊరంతా శెనక్కాయ వేసింది, వదినా వేసింది. విత్తనానికి మెడలో గొలుసు కుదువ పెట్టింది. ఎనిమిది సాళ్ళు శెనక్కాయ తర్వాత ఒక సాలు కంది వేసుకోవడం ఆవిడ అలవాటు. అది వాళ్ళ మామగారి కాలం నుంచీ ఉన్నది. జూలై ఆఖరి రోజున శాఖవారు మళ్ళీ చెప్పారు, ఆగస్టులో వాన మామూలుకంటే తగ్గవచ్చని. బాగానే చెప్పారు, నిజమే చెప్పారు. అప్పటికి విత్తనం భూమిలో ఉంది. భూమిలో వేసిన విత్తనాన్ని పేపరు చూసి ఏరుకోలేం కదా!

ఆ ఆగస్టు 1901 నుంచీ ఉన్న లెక్కల్లోకెల్లా పొడి ఆగస్టు అయింది. దేశంలో పడాల్సిన దానికి 36 శాతం తక్కువ. సరిగ్గా మొక్క ఊడలు దింపే వేళ. నేల మెత్తగా ఉంటేనే ఊడ లోపలికి దిగి కాయ కడుతుంది. నేల బండబారింది. సెప్టెంబరులో దేశంలో వానలు మళ్ళీ పడ్డాయి. సీజను ముగిసేసరికి 94 శాతం తేలింది. 96 అన్నారు, 94 వచ్చింది. ఏ పరీక్షలోనైనా ఇది మంచి మార్కే. అంచనా తప్పలేదు. వదిన పంట పోయింది.

ఆ తర్వాత ఊళ్ళో మొదలయింది చూడండి, అసలు వింత. "అప్పుడే జొన్న వేసుకుని ఉండాల్సింది." "ఆడమనిషి సేద్యం అంతే." పక్కచేనాయన ఆరికలు వేసి కొంత దక్కించుకున్నాడు, ఆయన బుద్ధిమంతుడయిపోయాడు. అదే ఆగస్టులో రెండు మంచి వానలు పడి ఉంటే? వదిన దిట్టదీ, ఆయన పిరికివాడూ అయ్యేవారు. వాళ్ళిద్దరూ ఆలోచించిన తీరులో తేడా ఏమీ లేదు. మేఘం ఎటు పోయిందన్నదే తేడా. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులు వెయ్యడం మనకి ఎంత అలవాటో! పిల్లకి సంబంధం చూసినా అంతే, కొడుకుని ఫలానా కాలేజీలో చేర్పించినా అంతే. కలిసొస్తే "మేం ముందే అనుకున్నాం", రాకపోతే "అమ్మ చేసింది". ఇంటి వాతావరణశాఖ మనమే కాబట్టి ఆ తిట్లు మనకి కొత్త కాదు.

కాని నన్ను పట్టి కుదిపింది ఇది కాదు. వదిన అన్న మాటకి మా వారు చెప్పిన సమాధానం.

"మరి శాఖవాళ్ళు ఒక్కొక్క చేనుకీ జోస్యం చెప్పగలరా? దేశం ఎన్నో ఏళ్ళు, ఎన్నో చేలు చూసుకుంటుంది. ఒక చోట పోయినా ఒక చోట వస్తుంది. మొత్తం మీద సరిపోతుంది," అన్నారు.

నిజమే. దేశానికి సరిపోతుంది. బియ్యం కొట్టువాడికీ సరిపోతుంది, బ్యాంకుకీ సరిపోతుంది. వాళ్ళు వెయ్యి గవ్వలు వేసి ఆడతారు, కొన్ని బోర్లాపడితే కొన్ని వెల్లకిల పడతాయి. వదిన దగ్గర ఉన్నది ఒక్క గవ్వ. నూటికి ఇన్ని పాళ్ళు అన్న మాట వెయ్యి గవ్వలవాడికి జ్ఞానం. ఒక్క గవ్వ ఉన్న మనిషికి అదే మాట ఏమవుతుంది? ఆవిడకి నూటికి 60 పాళ్ళు పంట రాదు. వస్తే వస్తుంది, పోతే అంతా పోతుంది.

2024 చూడండి. శాఖవారు 106 శాతం అన్నారు, 108 పడింది. దివ్యమైన ఏడు. ఆ దివ్యమైన ఏడులోనే పంజాబులో, జమ్మూ కాశ్మీరం వైపు వానలు లోటు. ఆ ఏడే సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. ఎండినవాళ్ళనీ మునిగినవాళ్ళనీ కలిపి సగటు కడితే మంచి ఏడే.

మా వారితో నేనన్నది ఇంతే: పూర్వం ఇలా జరిగితే "వాళ్ళ ఖర్మ" అనేవారు. అనడానికి వాళ్ళకి వీలుంది, ఎందుకంటే ముందు తెలీదు. ఇప్పుడు ఏప్రిల్ నెలలోనే మనకి ఒక సంగతి ఖాయంగా తెలుసు. సాధారణమైన ఏడులో కూడా ఎక్కడో కొన్ని చేలు ఎండుతాయి. ఎవరివో తెలీదు, ఎండడం మాత్రం తెలుసు. ఇంత తెలిశాక ఎండినవాళ్ళని చూసి ఖర్మ అని ఎలా అంటాం? చీటీల పాటలో పేరు ముందుగా తెలీదంతే, పోయే చీటీ ఒకటుందని అందరూ ఒప్పుకునే కదా కూర్చున్నది! మరి మిగతావాళ్ళం గెలిచిన డబ్బు మొత్తం మనదేనా?

"అయితే బాకీ శాఖవాళ్ళదంటావా?" అన్నారు ఆయన.

శాఖవాళ్ళది ఎందుకవుతుంది? పాపం, వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు. అలా అయితే మళ్ళీ ఇలియట్ దొర గారి కాలంలోలా నోరు మూసుకుంటారు. చెప్పడమే మంచిది. విని, కందిపప్పు ధర పెరగదని నిశ్చింతగా పేజీ తిప్పినవాళ్ళ సంగతి నేననేది. బీమా అనే ఏర్పాటు ఈ ఆలోచన మీద పుట్టిందే. దాని డబ్బు ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో అన్నది వేరే పురాణం. మా వదిన గొలుసు ఆ దసరాకి మేమే విడిపించాం. ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. "అప్పు కింద రాసుకో" అంది. ఏటా సంక్రాంతికి ఆవిడ పంపే శెనక్కాయల బస్తాకి మేము ఎన్నడూ లెక్క రాయలేదని గుర్తు చేస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి బస్తా రాలేదు. ఒక చిన్న సంచీడు కందులు వచ్చాయి. ఆ తొమ్మిదో సాళ్ళవి.

వానతో అయిపోలేదు. ఎండకి కూడా ఇలాంటి అంచనా ఉంది. 2015 మే నెలలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో రెండు వేలమందికి పైగా పోయారు, మరిచిపోయి ఉండరు. ఎక్కువమంది కూలి చేసుకునేవాళ్ళు, ముసలివాళ్ళు. ఆ మరుసటి ఏడాది నుంచీ ఎండాకాలానికి కూడా ముందుగా అంచనా ఇస్తున్నారు. 2024 ఏప్రిల్ ఒకటిన, దేశంలో చాలాచోట్ల మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది రోజులుండే వడగాడ్పులు ఈసారి పది నుంచి ఇరవై రోజులుండవచ్చని చెప్పారు. ఆ వార్త చదివి నేనేం చేశాను? వడియాలు ఆ వారమే పెట్టేశాను. మేడమీదావిడ కొత్త కూలరు కొన్నారు. ఎవరి చేతిలో ఏది ఉంటే వార్త వాళ్ళకి అంత ఉపయోగం.

మా అపార్ట్‌మెంటు పక్కన ఆ వేసవిలో ఇంకొకటి లేస్తోంది. మధ్యాహ్నం రెండింటికి, నేను కిటికీ పరదాలు తడిపి కడుతుంటే, ఎదురుగా ఆడవాళ్ళు తలమీద సిమెంటు తట్టలతో మెట్లెక్కుతుంటారు. ఆ వార్త వాళ్ళకీ తెలుసు. వాళ్ళ సెల్‌ఫోన్లలోనూ వస్తుంది. తెలిసి ఏం చెయ్యాలి? ఆ నెల మా సొసైటీ మీటింగులో ఈ మాట ఎత్తితే ఒకాయన, "హెచ్చరిక ఇచ్చారు కదండీ, ఎవరి జాగ్రత్త వాళ్ళు చూసుకోవాలి" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. వాళ్ళ గుమ్మంలో చలివేంద్రం కుండ కూడా పెట్టించారు.

నేనూ, రెండో అంతస్తు లెక్చరరుగారూ వెళ్ళి మేస్త్రీతో మాట్లాడాం. అతను ఆ లెక్క మాకంటే ముందే వేసుకుని ఉన్నాడు. "పన్నెండింటికి పని ఆపేసి సాయంత్రం మళ్ళీ మొదలెడతానమ్మా. కాని ఆ గంటలు పూడాలంటే పొద్దున అయిదింటికే మిల్లరు తిప్పాలి. చప్పుడవుతుంది. నిరుడు మీ వాళ్ళే మా ఓనరుకి ఫిర్యాదు చేస్తే ఏడింటి దాకా ముట్టుకోవద్దన్నారు," అన్నాడు.

అయిదింటికి మిల్లరు అంటే ఆ రెండు నెలలూ మాకు తెల్లవారుజాము నిద్ర ఉండదు. పరీక్షల పిల్లలున్నారు, రాత్రి డ్యూటీ చేసి వచ్చేవాళ్ళున్నారు, గుండె ఆపరేషను అయిన పెద్దాయన ఒకరున్నారు. కాగితం ఒకటి రాసుకుని ఇంటింటికీ తిరిగాం. చలివేంద్రం ఆయన అందరికంటే ముందు సంతకం పెట్టారు, నేను ఊహించలేదు. మేడమీదావిడ కూలరు చప్పుడులో ఎలాగూ ఏమీ వినపడదని పెట్టేశారు. పన్నెండు ఇళ్ళలో తొమ్మిదిమంది పెట్టారు. ముగ్గురు ఆలోచించి చెబుతామన్నారు. ఆ ముగ్గురిలో పెద్దాయన ఇల్లొకటి. వాళ్ళ కోడలు తలుపు దగ్గర నిలబడి, "ఆయనకి నిద్ర పోతే మళ్ళీ ఆస్పత్రేనండీ, మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?" అంది. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. వాళ్ళ పడకగది ఆ పక్కకే ఉంది. మా ఇంట్లో ఇవతలి వైపు గది ఒకటి ఖాళీగా ఉంటుంది. దాన్ని సర్దడానికి ఎంతసేపు పడుతుందా అని లెక్క వేసుకుంటూ మెట్లు దిగాను.